వృద్ధాప్యం ఎవరి బాకీ?

వయసు మీరి, ఒళ్లు వంగని మనిషికి అన్నం ఎవరు పెట్టాలన్న ప్రశ్నకు ధర్మశాస్త్రాలూ, మత గ్రంథాలూ, రాజ్యాంగాలూ మూడు రకాల జవాబులు చెప్పాయి. అది కన్నబిడ్డలు తీర్చవలసిన ఋణమని ఒకటి. కలిగినవాడు లేనివాడికి చేసే దానమని మరొకటి. బతుకంతా చేసిన పనికి రావలసిన బాకీ అన్నది మూడోది. ఏ జవాబు తీసుకున్నా ముసలివారి కంచంలో పడేది ఆ అన్నమే. దాన్ని తినేటప్పుడు వారు ఎవరికి తలవంచాలన్న దగ్గరే తేడా వస్తుంది. పింఛన్ల చరిత్రను చాలామంది బడ్జెట్ల చరిత్రగా రాస్తారు. కానీ ప్రతి పింఛను చట్టం వెనకా ఈ మూడింటిలో ఏదో ఒకటి కూర్చుని ఉంటుంది. మొత్తం ఎంత, వయసు ఎంత, అర్హత ఎవరికి అనేవన్నీ అక్కడినుంచే పుడతాయి.

ఈ ప్రశ్న చిల్లకూరు వంటి చోట సూటిగా ఎదురవుతుంది. గూడూరును ఆనుకుని, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద ఉన్న ఈ ఊరు నెల్లూరు తీరంలోని ఒక మండలానికి కేంద్రం. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజనలో ఈ మండలం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. లోపలి ఊళ్లలో వరి, నిమ్మ పండుతాయి. తూర్పుకు పోయే కొద్దీ ఇసుక నేలలు, సరుగుడు తోటలు, రొయ్యల గుంటలు కనిపిస్తాయి. గాజు పరిశ్రమకు పోయే తెల్లటి సిలికా ఇసుకను తవ్వే గనులూ ఈ పరిసరాల్లోనే ఉన్నాయి. ఇక్కడి ముసలివారిలో ఎక్కువమంది నాట్లు వేసినవాళ్లు, కలుపు తీసినవాళ్లు, వల లాగినవాళ్లు, ఇసుక మోసినవాళ్లు. ఒకే యజమాని దగ్గర 30 ఏళ్లు పనిచేసి, వీడ్కోలు సభలో శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చే విరమణ ఇక్కడ కొద్దిమందికే తెలుసు. మిగిలినవారికి పని ఆగేది ఒళ్లు ఆగిపోయినప్పుడే.

ఆశ్రమ ధర్మం విరమణను గురించి స్పష్టంగానే మాట్లాడింది. ఒంటి మీద ముడతలు, తలలో తెల్లవెంట్రుకలు, ఇంట్లో మనవడు కనబడ్డాక గృహస్థు అడవికి కదలాలని మనుస్మృతి ఆరో అధ్యాయం చెబుతుంది. లెక్కపెట్టిన ఏళ్లను బట్టి కాక దేహాన్నీ కుటుంబ స్థితినీ చూసి వయసు తేల్చడం అందులో గమనించవలసిన వివేకం. అయితే ఆ వానప్రస్థుడు ఎవరు? ఇల్లూ, పొలమూ, వాటిని అప్పగించడానికి కొడుకూ ఉన్న ద్విజ పురుషుడు. భార్యను కొడుకుల దగ్గర వదిలిపెట్టాలా, వెంట తీసుకుపోవాలా అన్నది కూడా అతని ఇష్టమే. అప్పగించడానికి ఏమీ లేని మనిషి గురించి ఆ శ్లోకాలు మాట్లాడవు. కూలి మనిషికి వానప్రస్థం లేదు, ఎందుకంటే అతని గృహస్థాశ్రమమే ఏ రోజుకారోజు కూలి మీద నిలిచింది.

ఉమ్మడి కుటుంబం ముసలివారిని చూసుకునేదన్న మాటనూ ఈ వెలుగులోనే పరిశీలించాలి. అది అబద్ధం కాదు, అందరి నిజమూ కాదు. పట్టా భూమి ఉన్న ఇంట్లో పెద్దాయన మాట చెల్లడానికి అతని మీద ప్రేమ ఎంత కారణమో, భూమి అతని పేరున ఉండటం అంత కారణం. భూమే అతని పింఛను. పంపకాలు అయిపోయి, కాగితాలు కొడుకుల చేతికి వెళ్లిన తర్వాత ఎంతమంది పెద్దల స్థానం వసారాలోకి మారిందో పల్లెల్లో అందరికీ తెలుసు. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఆ అనుభవాన్నే చట్టంలోకి ఎక్కించింది. తమను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు ఆ మాట తప్పితే, ఆ బదిలీని రద్దు చేయించుకునే దారి అందులోని 23వ సెక్షన్ పెట్టింది. రాసివ్వడానికి సెంటు భూమి లేనివారికి ఆ సెక్షన్‌తో పనిపడదు.

ఋణమన్న భావనకు మూలం వేదంలోనే ఉంది. తెలుగునాట వైదికుల్లో అధికభాగం అనుసరించే కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయ సంహిత, బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడంటుంది. ఋషుల ఋణం బ్రహ్మచర్యంతో, దేవతల ఋణం యజ్ఞంతో, పితరుల ఋణం సంతానంతో తీరుతుంది. ఇందులో మూడోది విచిత్రమైన అప్పు. తండ్రి దగ్గర తీసుకున్నది తండ్రికి తిరిగి ఇవ్వడం వల్ల కాక, తర్వాతి తరాన్ని కని పెంచడం వల్ల తీరుతుంది. అప్పిచ్చినవాడు ఒకడు, తీర్చుకునేవాడు మరొకడు. నేటి ప్రభుత్వ పింఛన్లు కూడా చాలావరకు ఇలాగే నడుస్తాయి. ఈ నెల పింఛను ముసలివారు ఎప్పుడో దాచుకున్న డబ్బులోంచి రాదు, ఈ ఏడాది పనిచేస్తున్నవారు కట్టిన పన్నుల్లోంచి వస్తుంది. వారికి రేపు పెట్టవలసింది ఇప్పుడు బడిలో ఉన్న పిల్లలు.

తరాల మధ్య ఈ లెక్కను ఆదిపర్వంలోని యయాతి కథ ఇంకా కరుకుగా చెబుతుంది. శుక్రుడి శాపంతో ముసలితనం మీద పడిన యయాతి, దాన్ని తీసుకుని యవ్వనం ఇమ్మని కొడుకులను అడుగుతాడు. యదువు, తుర్వసువు, ద్రుహ్యుడు, అనువు ఒప్పుకోరు. చిన్నవాడైన పూరుడు ఒప్పుకుంటాడు, చివరికి రాజ్యమూ అతనిదే అవుతుంది. నన్నయ తెలుగు చేసిన ఈ కథను పితృభక్తికి ఉదాహరణగా చెప్పడం పరిపాటి. ఆర్థిక దృష్టితో చదివితే ఇందులో మరో విషయం బయటపడుతుంది. వృద్ధాప్యం ఎవరో ఒకరు మోయక తప్పని బరువు. మోసేవాడి కాలమూ బలమూ దానికి ఖర్చవుతాయి. ఆ ఖర్చుకు బదులుగా వారసత్వం దక్కింది. ఇవ్వడానికి రాజ్యమంటూ ఒకటి ఉంది గనుక యయాతి అడగగలిగాడు, పూరుడికి ఫలం దక్కింది. రాజ్యం లేని యయాతులు తీరం పొడవునా ఉన్నారు. వారి పూరులు చెన్నైకో శ్రీసిటీకో పనికి పోయి, తమ పిల్లల బడి ఫీజులకే సతమతమవుతున్నారు.

ఋణం, దానం ఈ రెండూ ఎక్కడ విఫలమవుతాయో మహాభారతం ఆశ్రమవాస పర్వంలో తేటగా చూపించింది. విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలను 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలోని తిక్కన తెలుగు చేశాడు కనుక, ఈ పర్వం తెలుగులో వెలసిందీ ఈ సీమలోనే. యుద్ధం ముగిశాక ధృతరాష్ట్రుడు ధర్మరాజు పోషణలో 15 ఏళ్లు హస్తినలోనే ఉంటాడు. ధర్మరాజు లోటు రానివ్వడు, ముసలి రాజు మనసు కష్టపడకూడదని అందరికీ ఆజ్ఞ పెడతాడు. అన్నానికి తక్కువ లేదు, మర్యాదకూ తక్కువ లేదు. కానీ భీముడు ఉన్నాడు. అన్నకు తెలియకుండా, ముసలి దంపతుల చెవిన పడేలా, వారి నూరుగురు కొడుకులను చంపిన చేతులు ఇవేనని భుజాలు చరుస్తుంటాడు. ధృతరాష్ట్రుడు ఆ మాటలు ఎవరికీ చెప్పుకోడు. తిండి తగ్గించి, నేలమీద పడుకుని, చివరికి అడవికి పోవడానికి సెలవు అడుగుతాడు. ఇంతకాలం ఆయన ఉపవాసాలు తనకు తెలియలేదని ధర్మరాజు కుమిలిపోతాడు.

కథ అక్కడితో ఆగదు. వెళ్లేముందు భీష్ముడికీ, తన కొడుకులకూ శ్రాద్ధం పెట్టి దానాలు చేయడానికి ధనం కావాలని ముసలి రాజు కబురు పంపుతాడు. భీముడు అడ్డు చెబుతాడు. అర్జునుడు అన్నను బతిమాలుతాడు. చివరికి ధర్మరాజు, తన ఇంటి నుంచీ అర్జునుడి ఇంటి నుంచీ తీసుకోమని విదురుడితో చెప్పిస్తాడు. ఈ ఘట్టంలో అందరి న్యాయమూ వినబడుతుంది. భీముడి కోపానికి కారణం ఉంది. ధృతరాష్ట్రుడు నిర్దోషి కాడు. ధర్మరాజు ఉదారుడు. అయినా రాజ్యమేలిన మనిషి తన చనిపోయిన కొడుకులకు పిండం పెట్టుకోవడానికి కూడా అన్నదమ్ముల పంచాయితీ తేలేదాకా ఎదురుచూడవలసి వచ్చింది. భాగవతం మొదటి స్కంధంలో విదురుడు దీన్నే ఇంకా కఠినంగా అంటాడు. నీ పిల్లలను చంపినవాడు పడేసింది తిని ఇంటి కుక్కలా బతుకుతున్నావని అన్నగారిని మందలించి, బయటికి నడిపిస్తాడు. ఒక ఇంటి మంచితనం మీద ఆధారపడిన వృద్ధాప్యంలో ఆ ఇంట్లో ఒక్క ధర్మరాజు ఉంటే సరిపోదు, ఒక్క భీముడు కూడా ఉండకూడదు. అలాంటి పూచీ ఏ కుటుంబమూ ఇవ్వలేదు.

ఈ సంగతి పూర్వం పాలన గురించి ఆలోచించినవారికి తెలియనిది కాదు. దిక్కులేని పిల్లలనూ, ముసలివారినీ, రోగులనూ రాజు పోషించాలని కౌటిల్యుడు అర్థశాస్త్రం రెండో అధికరణంలో అంటాడు. స్తోమత ఉండి భార్యాపిల్లలనూ తల్లిదండ్రులనూ చూడనివాడికి 12 పణాల జరిమానా వేస్తాడు. భార్యకూ బిడ్డలకూ ఏర్పాటు చేయకుండా సన్యాసం పుచ్చుకున్నవాడికీ శిక్ష ఉంది. మోక్షం కోసమైనా సరే, తిండి పెట్టవలసినవారిని గాలికి వదిలిపోవడాన్ని అతడు ఒప్పుకోలేదు. ముందు కుటుంబం, కుటుంబం లేకపోతే రాజు అన్నది ఇక్కడి వరుస. నేటి సంక్షేమ నిబంధనల్లో ఎక్కువభాగం ఆ వరుసలోనే నడుస్తున్నాయి.

క్రైస్తవ గ్రంథంలోనూ ఈ వరుసే కనిపిస్తుంది. 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ అడుగుపెట్టిన నాటినుంచి నెల్లూరు సీమలో ఆ గ్రంథం గడపగడపకూ చేరింది. తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో సంఘం పోషించవలసిన విధవరాండ్ర జాబితా గురించి నియమాలున్నాయి. వయసు 60కి తక్కువ ఉండకూడదు. పిల్లలో మనవళ్లో ఉంటే ముందు వాళ్లే చూసుకోవాలి, సంఘం మీద భారం వేయకూడదు. వయసు హద్దు, కుటుంబ విచారణ, నడవడి విచారణ, జాబితా: రెండు వేల ఏళ్ల నాటి ఈ నియమాలు మండల కార్యాలయంలో దరఖాస్తు పట్టుకుని నిలబడిన ఏ ముసలమ్మకూ కొత్తగా అనిపించవు. మార్కు సువార్త ఏడో అధ్యాయం మరో వైపు చూపిస్తుంది. తల్లిదండ్రులకు చెందవలసిన సొమ్మును దేవుడికి అర్పితమని ప్రకటించి వారికి ఎగ్గొట్టేవారిని యేసు అక్కడ గట్టిగా తప్పుపడతాడు. దానం పేరుతో బాకీని ఎగవేయడం పుణ్యం కాదన్నది అక్కడి తీర్పు.

ఇస్లాం సంప్రదాయంలో తల్లిదండ్రుల మీద విసుగు మాట కూడా అనకూడదని ఖురాన్ 17వ సూరా ఆదేశిస్తుంది. దానికంటే పింఛను చరిత్రకు దగ్గరగా ఉన్నది 8వ శతాబ్దపు న్యాయవేత్త అబూ యూసుఫ్ తన కితాబుల్ ఖరాజ్‌లో నమోదు చేసిన ఒక వృత్తాంతం. ఖలీఫా ఉమర్ వీధిలో బిచ్చమెత్తుతున్న ఒక అంధ యూదు వృద్ధుడిని చూస్తాడు. జిజియా పన్ను కట్టడానికీ, బతకడానికీ అడుక్కుంటున్నానని అతను చెబుతాడు. వయసులో ఉండగా పన్ను పిండుకుని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదని ఉమర్ అతని జిజియా రద్దుచేసి, ఖజానా నుంచి భత్యం ఏర్పాటు చేయిస్తాడు. ఆ వృద్ధుడు ఖలీఫా బంధువు కాడు, మతస్థుడు కాడు, కొలువులో పనిచేసినవాడూ కాడు. అతని యవ్వనం నుంచి రాజ్యం తీసుకుంది, కనుక అతని వృద్ధాప్యానికి రాజ్యం ఇవ్వాలి. ఈ వ్యాసంలో ప్రస్తావించిన వాదాలన్నిటిలో బలమైనది ఇదే. మూడో జవాబు, అంటే బాకీ అన్న జవాబు, ఇంత సూటిగా మరెక్కడా కనబడదు.

ఆధునిక రాజ్యం ఈ తీరంలో ముసలివారిని మొదట గుర్తించింది కరువులో. 1876–78 మహా కరువులో నెల్లూరు జిల్లా తీవ్రంగా దెబ్బతిన్నది. సహాయ పనుల దగ్గర పనిచేయగలిగినవారికి కూలి, చేయలేనివారికి ఉచిత సహాయం అని ప్రజలను రెండుగా విడదీశారు. 1880 నాటి కరువు కమిషన్ నివేదిక తర్వాత వచ్చిన కరువు కోడ్‌లు ఆ విభజనను స్థిరపరిచాయి. అలా ప్రభుత్వ కాగితాల్లో వృద్ధాప్యానికి దొరికిన మొదటి నిర్వచనం పనికి రాకపోవడం. గౌరవించదగిన వయసన్న ఊహ అందులో లేదు. కరువు తగ్గగానే ఆ సహాయమూ ఆగేది.

అదే కాలంలో ఐరోపాలో వేరే దారి తెరుచుకుంది. 1889లో బిస్మార్క్ జర్మనీ కార్మికులకు వృద్ధాప్య బీమా చట్టం తెచ్చాడు. కార్మికుడూ యజమానీ చందా కట్టాలి, ప్రభుత్వం కొంత కలపాలి, 70 ఏళ్లకు పింఛను. ఆ వయసు 1916లో 65కి తగ్గింది. బ్రిటన్ 1908లో చందా లేకుండానే, 70 దాటిన పేదలకు వారానికి 5 షిల్లింగుల దాకా ఇచ్చే చట్టం చేసింది. డబ్బు 1909 జనవరి 1 నుంచి తపాలా కార్యాలయాల్లో అందింది. పేదల సహాయ సంస్థల గుమ్మం ఎక్కకుండా, అందరూ ఉత్తరాలు వేసే చోటే తీసుకోవడం ఆ ముసలివారికి చిన్న విషయం కాదు. అయితే పని చేయగలిగీ అలవాటుగా చేయనివారికి ఇవ్వరాదన్న నిబంధన ఆ చట్టంలోనూ ఉంది. దానం నుంచి హక్కుకు మారుతున్న కాలంలో పాత అనుమానాలు వెంటనే పోలేదు.

ఇక్కడ వలస ప్రభుత్వం పింఛన్లను తన కొలువువారికి పరిమితం చేసింది. వాటినీ ప్రభువు దయగానే చూసింది. 1871 పింఛన్ల చట్టం పింఛను దావాలను సివిల్ కోర్టులకు చాలావరకు దూరంగా ఉంచింది. స్వతంత్ర భారతంలో సుప్రీంకోర్టు ఈ దృష్టిని మార్చింది. 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో పింఛను ప్రభుత్వ ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన బహుమానం కాదని చెప్పింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మరింత ముందుకు వెళ్లింది. తెలుగువారైన ఒ. చిన్నపరెడ్డి ఆ ధర్మాసనంలో ఒకరు. యవ్వనంలో ముసలితనానికి భరోసా ఉంటుందన్న నమ్మకంతో శ్రమించినవారికి పింఛను గత సేవకు ప్రతిఫలమనీ, సామాజిక న్యాయమనీ ఆ తీర్పు సారం. విశ్రాంత ఉద్యోగులు నేటికీ ఆ రోజును పింఛనుదారుల దినంగా జరుపుకుంటారు. 2004 సెప్టెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో చేరిన ఉద్యోగులకు చందా పద్ధతి వచ్చినప్పుడు అంత ఆందోళన రేగడానికి కారణం కూడా ఈ తీర్పు నాటిన భావమే.

నకారా తర్కాన్ని ఒక్క అడుగు ముందుకు వేయిస్తే చిల్లకూరుకు చేరుతుంది. గత శ్రమకు ప్రతిఫలం పింఛను అయితే, 40 ఏళ్లు నాట్లు వేసిన ఆడమనిషి ఎవరి దగ్గర పనిచేసింది? ఈ ఏడు ఒక రైతు మడిలో, మరుసటేడు మరొకరి మడిలో. ఆమె జీతపు చిట్టా ఏ కార్యాలయంలోనూ లేదు. కానీ ఆమె నాట్లతో పండిన బియ్యం ఊరంతా తిన్నది, రేషన్ డిపోకు పోయింది, పట్నాలకు పోయింది. ఆమె కొన్న చాలా వస్తువుల ధరలో పన్ను ఉంది. యజమాని ఒక్కడు లేకపోవడం వల్ల ఆమె బాకీ రద్దు కాదు. అది అందరి మీదా పడుతుంది, అందరి తరఫునా వసూలు చేసేదీ ఇచ్చేదీ ప్రభుత్వమే. ఉమర్ చెప్పినదీ ఇదే.

రాజ్యాంగం 41వ అధికరణం ఈ బాకీని ఒప్పుకుంటూనే గడువు పెట్టకుండా వదిలింది. నిరుద్యోగం, వృద్ధాప్యం, రోగం, అంగవైకల్యం ఎదురైనప్పుడు రాజ్యం తన ఆర్థిక స్తోమతకు లోబడి సహాయం చేయాలన్నది ఆదేశిక సూత్రం. కోర్టులో అమలు చేయించుకోగల హక్కు కాదు. ఉత్తరప్రదేశ్ 1957లోనే వృద్ధాప్య పింఛను మొదలుపెట్టగా, కేంద్రం స్థాయిలో అది పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమంగా వచ్చింది. 65 దాటిన నిరుపేదలకు నెలకు 75 రూపాయలు. తర్వాత కేంద్రం వాటా 200 రూపాయలైంది, 2011లో వయసు 60కి తగ్గి, 80 దాటినవారికి 500 అయింది. ఆపైన కదల్లేదు. ప్రభుత్వోద్యోగి పింఛనుకు ఆరు నెలలకోసారి కరవు భత్యం కలుస్తుంది. 60 ఏళ్ల కూలీకి కేంద్రం ఇచ్చే 200కు అలాంటి కలుపు ఏదీ లేదు. ఒకటి బాకీగా, రెండోది దానంగా భావించడం వల్లే ఈ తేడా.

ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం పెరిగింది ఎన్నికల బాటలో. 2006లో 200 రూపాయలు, 2014 అక్టోబరు 2 నుంచి 1000, 2019 జనవరిలో 2000, అదే ఏడు జూలైలో 2250, 2024 జనవరికి 3000. 2024 జూలై 1న 4000కు పెంచి, ఏప్రిల్ నుంచి రావలసిన తేడాతో కలిపి ఒక్కొక్కరికి 7000 ఇచ్చారు. రాష్ట్రంలో 65 లక్షల పైచిలుకు మందికి, ఒక్క నెలలో నాలుగు వేల కోట్లకు పైగా పంపిణీ అయింది. ఒకటో తారీఖున ఇంటి గుమ్మం దగ్గరే డబ్బు చేతిలో పెట్టడం 1909 నాటి తపాలా కార్యాలయం కంటే పెద్ద అడుగు. 2024 ఏప్రిల్‌లో ఎన్నికల నియమావళి వల్ల ఇంటికి పింఛను తెచ్చే వాలంటీర్లను పక్కనపెట్టినప్పుడు, ఎండలో సచివాలయాల ముందు బారులు తీరిన ముసలివారిని చూశాక గుమ్మం విలువ ఎంతో రాష్ట్రమంతటికీ అర్థమైంది. ఓట్ల కోసమే పెంచారన్న విమర్శ తరచూ వినబడుతుంది. ఇచ్చినవాడి ఉద్దేశం ఏదైనా, తీసుకున్నవారి బాకీ స్వభావం మారదు. మరో పక్షం గెలిస్తే పోతుందేమోనన్న భయం మాత్రం నిజమైన లోపం. హక్కుకు ఆ భయం ఉండకూడదు.

ఏ వయసులో ముసలితనం మొదలవుతుందన్న దగ్గర రాష్ట్ర నిబంధనలు మనువు వివేకానికి దగ్గరగా వచ్చాయి. సాధారణంగా 60 ఏళ్లయితే, గిరిజనులకు 50. మత్స్యకారులకు, చేనేతవారికి, కల్లుగీతవారికి కూడా 50. సముద్రం మీద 30 ఏళ్లు గడిపిన పట్టపు మనిషి దేహమూ, బల్ల ముందు 30 ఏళ్లు గడిపిన గుమాస్తా దేహమూ ఒకేలా అరగవన్న ఎరుక ఇందులో ఉంది. సిలికా ధూళి పీల్చినవారి ఊపిరితిత్తులు దీనికంటే ముందే ముసలివవుతాయి, వారి వృత్తికి మాత్రం ఇలాంటి ప్రత్యేక వయసు లేదు. ఇక గిరిజనులైన యానాదుల విషయంలో 50 ఏళ్ల హక్కు కాగితం మీద ఉన్నా, దాన్ని నిరూపించే కాగితం చాలామంది దగ్గర ఉండేది కాదు. చెరువు గట్టున, రొయ్యల గుంటల కాపలా గుడిసెల్లో పుట్టినవారికి జనన ధ్రువీకరణ ఎక్కడిది? ఆధార్ కార్డులో అంచనాగా రాసిన ఏడు వారి వయసును శాశ్వతంగా తేల్చేస్తుంది. వేలిముద్ర పడక ఇబ్బందిపడేవారిలో ఎక్కువమంది మట్టి పనీ, వల పనీ చేసి వేళ్లు అరిగినవారే. శ్రమకు సాక్ష్యంగా నిలవవలసిన చేతులే యంత్రం ముందు అడ్డుపడుతున్నాయి. ఐరిస్, ముఖ గుర్తింపు పద్ధతులు వచ్చి కొంత ఊరట ఇచ్చాయి.

ప్రభుత్వం పెడితే పిల్లలు పెట్టడం మానేస్తారన్నది పాత భయం. బ్రిటన్‌లో 1908కి ముందు దానధర్మాల సంస్థలు ఇదే వాదించాయి. మతం వైపు నుంచి కూడా ఇది తీసిపారేయవలసిన ప్రశ్న కాదు, మాతృసేవ, పితృసేవ పుణ్యమైతే ఆ అవకాశాన్ని ఎవరూ లాక్కోకూడదు కదా. జరుగుతున్నది వేరు. దక్షిణాఫ్రికాలో పింఛన్లను పరిశీలించిన ఆర్థికవేత్త ఎస్తేర్ డుఫ్లో, నాయనమ్మ, అమ్మమ్మల చేతికి పింఛను వచ్చే ఇళ్లలో మనవరాళ్లు పుష్టిగా పెరిగారని చూపించింది. తెలుగు పల్లెల్లోనూ పింఛను డబ్బులోంచి మందుబిళ్లలతోపాటు మనవడి పలకో, మనవరాలి గాజులో వస్తాయి. ధృతరాష్ట్రుడికి దక్కనిది ఇదే, ఎవరినీ అడగకుండా ఇవ్వగలగడం. దానం చేయడానికి తనదంటూ కొంత ఉండాలన్నది ధర్మశాస్త్రాల మొదటి షరతు. పింఛను ముసలివారికి తిండితోపాటు దానం చేసే అర్హతను కూడా తిరిగి ఇచ్చింది. కొడుకు సేవకు అది అడ్డురాలేదు, భీముడి మాటకు అడ్డువచ్చింది.

సొంతంగా దాచుకుని ముసలితనాన్ని గట్టెక్కే ప్రయత్నమూ నెల్లూరు జిల్లాలో జరిగింది. దూబగుంట నుంచి లేచిన 1992 సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు మహిళలు పొదుపులక్ష్మి పేరుతో రోజుకు ఒక రూపాయి దాచారు. 2009లో రాష్ట్ర ప్రభుత్వం అభయహస్తం పథకం పెట్టి, స్వయం సహాయక సంఘాల మహిళ రోజుకు ఒక రూపాయి కడితే తానూ ఒక రూపాయి కలిపి, 60 ఏళ్లకు కనీసం 500 రూపాయల పింఛను ఇస్తానన్నది. ఆ రూపం ఎక్కువకాలం నిలవలేదు. రోజుకూలి ఉన్ననాడే పొయ్యి వెలిగే ఇంట్లో రోజుకు రూపాయి పెద్ద క్రమశిక్షణే. అయినా అంత దాచినా వచ్చేది ఎంత తక్కువో, రాష్ట్రం తర్వాత ఇచ్చిన పింఛనుతో పోలిస్తే తెలుస్తుంది. తక్కువ కూలి నుంచి చేసిన పొదుపు తక్కువ పింఛనే ఇస్తుంది. కూలి తక్కువ కావడం కూలీ తప్పు కాదు.

ఇవ్వవలసిన తరం చిన్నదవుతోందన్నది ఇప్పటి ఆందోళన. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. 2024లో ముఖ్యమంత్రి ఎక్కువమందిని కనమని పిలుపునిచ్చారు, ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధన ఎత్తివేశారు. ముసలితనానికి ఆసరాగా బిడ్డను కనడం ధర్మమేనా? పితృఋణం ప్రకారం బిడ్డను కనడమే అప్పు తీర్చడం. ఆ బిడ్డ మీద కొత్త అప్పు మోపడం అందులో భాగం కాదు. రేపటి పింఛనుకు కావలసింది పిల్లల సంఖ్య ఒక్కటే కాదు, వారు చేసే పనికి తగిన విలువ. చిల్లకూరు, కోట మండలాల్లో తలపెట్టిన కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. అక్కడ వచ్చే ఉద్యోగాలు భవిష్యనిధి ఉన్నవా, లేక కాంట్రాక్టు కూలీలా అన్నదాన్ని బట్టి 2060 నాటి ఇక్కడి వృద్ధాప్యం తీరు తేలుతుంది. భూమి ఇచ్చినవారికి అందే పరిహారంతోపాటు, ఆ భూమిలో కూలికి పోయినవారి పోయిన పనికీ లెక్క ఉండాలి.

చివరిగా, బాకీ ఎవరిది అన్నదానితోపాటు ఎవరికి అన్నదీ తేలాలి. రాష్ట్ర నిబంధనల ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, రేషన్ కార్డుకు ఒక్క పింఛనే. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉంటే అదీ రాదు, ఆ తల్లిని నిబంధన తిరిగి కొడుకు ఋణానికే అప్పగిస్తుంది. కుటుంబాన్ని ఒక మనిషిగా లెక్కపెట్టే ఈ పద్ధతిలో సాధారణంగా భర్త పేరున పింఛను వస్తుంది, పక్కనే మడిలో అన్నేళ్లు వంగిన భార్య వయసు లెక్కలోకి రాదు. 2024 నవంబరు నుంచి పింఛనుదారుడైన భర్త చనిపోతే మరుసటి నెల నుంచే భార్యకు మంజూరు చేసే ఏర్పాటు వచ్చింది. ఆలస్యం లేకుండా ఇవ్వడం మేలే. కానీ ఆమె పని ఆమెది, ఆమె ముసలితనమూ ఆమెదే. వృద్ధాప్య పింఛను గత శ్రమకు బాకీ అయితే, అది ఇద్దరికీ వేరువేరుగా, ఇద్దరూ బతికి ఉండగానే అందాలి.